నాలుగో మోటారు

వర్క్‌షాపులో కొత్త పిల్ల చేరిన మూడో రోజే మేస్త్రి ఆమెను "బిడ్డా" అని పిలిచాడు. అంతకు ముందు పదిహేనేళ్లుగా ఆ షెడ్డులో ఆ పిలుపు నాకొక్కదానికే ఉండేది. నేను కాయిల్‌కు మైకా టేపు చుడుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఆయన మామూలుగానే ఉన్నాడు. ఏమని పిలిచాడో కూడా ఆయన ధ్యాసలో ఉన్నట్టు లేదు. ఆ పిల్ల లేచి, అడిగిన కత్తెర చేతికిచ్చి, మళ్లీ వచ్చి కూర్చుంది. జరిగిందల్లా అంతే. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

మా వర్క్‌షాపు మణుగూరు నుంచి పినపాక పోయే దారిలో ఉంది. కాలిపోయిన మోటార్లను విప్పి, కొత్త వైండింగ్ వేసి ఇస్తాం. గనుల్లో నీళ్లు తోడే పంపులవి, కంకర క్రషర్లవి, మిర్చి తోటల బోర్లవి ఎక్కువగా వస్తాయి. ఎప్పుడన్నా ఒకసారి రైలింజన్ల మోటార్లూ వస్తాయి. ఓనరు వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని స్థిరపడ్డ వాళ్లు. మేస్త్రిది కొత్తగూడెం. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి ఇంజన్ షెడ్డుల్లో కాంట్రాక్టు పనులు చేసిన మనిషి.

నేను చేరేనాటికి నాకు ముప్పై మూడేళ్లు. అప్పటిదాకా పత్తి ఏరడం, మిర్చి కోయడం తప్ప మరో పని చేసి ఎరగను. ఆడవాళ్ల వేళ్లకు టేపు బాగా లొంగుతుందని ఓనరు మా ముగ్గురిని పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ వార్నిష్ వాసన పడక నెల తిరక్కముందే మానేశారు. నేను మిగిలాను.

టేపు చుట్టడం చూడ్డానికి ఏమీ ఉండదు. రాగి పట్టీ చుట్టూ టేపు తిప్పుకుంటూ పోవడమే. కానీ ప్రతి చుట్టూ వెనకటి చుట్టును సరిగ్గా సగం కప్పాలి. ముడత రాకూడదు, వదులు కాకూడదు. కాయిల్ వంపు తిరిగే చోట బిగువు తప్పితే లోపల గాలి నిలుస్తుంది, గాలి నిలిచిన చోట ఏదో ఒక రోజు కాలుతుంది. మొదటి ఏడాది నేను చుట్టినవి మేస్త్రి బ్లేడుతో కోసి అవతల పారేసేవాడు. "మళ్ల చుట్టు" అనేవాడు, తిట్టేవాడు కాదు. ఒక రోజు నేను చుట్టిన కాయిల్‌ను వేళ్లతో తడిమి, కోయకుండా, తాను చుట్టిన వాటి వరుసలో పెట్టాడు. "నీ చెయ్యి కుదిరింది బిడ్డా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఒక పనికి మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే.

రైలింజన్ మోటారు మొదటిసారి వచ్చినప్పుడు దాని ఎత్తు, బరువు చూసి జడుసుకున్నాను. డీజిల్ ఇంజన్ అంటే డీజిలే చక్రాలను తిప్పుతుందని నా లెక్క.

"డీజిలు తిప్పేది జనరేటర్‌ను. జనరేటర్ కరెంటు ఇస్తది" అని మేస్త్రి వివరంగా చెప్పాడు. "ఆ కరెంటుతోని చక్రాలను తిప్పేటియి ఈ మోటార్లు. ట్రాక్షన్ మోటార్లంటరు. ఒక్కో ఇరుసుకు ఒక్కటి, మొత్తం ఆరు. డ్రైవర్ మీద కూసుంటడు గని, బండి గుంజేటియి గివే. కింద ఉంటయి, ఎవ్వరికి కనవడవు."

మా అక్క కాన్పుకు డోర్నకల్ పోతూ నేను పాసింజరు ఎక్కి ఉన్నాను. ముందు ఇంజన్ కింద ఇలాంటివి ఆరు తిరుగుతున్నాయని అప్పుడు నాకేం తెలుసు. ఆ మాట విన్నాక నాకు నా పని మీద ఒక రకమైన గర్వం వచ్చింది. ఊళ్లో ఎవరికి చెప్పినా అర్థమయ్యేది కాదు. మేస్త్రికి తెలుసు, నాకు తెలుసు. అది చాలనుకున్నాను.

అలాంటి చోటికి వచ్చింది ఆ పిల్ల. చర్ల దాటి అడవిలో వాళ్లది కోయగూడెం. ఐటీఐలో వైండింగ్ చదివింది. ఇరవై అయిదేళ్లు ఉంటాయి. మణుగూరులో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. మధ్యాహ్నం షెడ్డు వెనక నిలబడి వాళ్లమ్మతో ఫోన్లో కోయభాషలో మాట్లాడేది. అర్థం కాని ఆ మాటల్లో నా సంగతే ఉందేమోనని చెవి ఒగ్గేదాన్ని.

మొదటి రోజు కావాలనే అడిగాను. "ఐటీఐల ఏం నేర్పిన్రు?"

"బొమ్మలు గీసుడు ఎక్కువ నేర్పిన్రక్కా. పని చేసుడు తక్కువ" అంది. "నువ్వే నేర్పాలె."

గొప్పలు పోయి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

నేర్పాను. నేర్పకపోతే మేస్త్రి ఊరుకోడు. మొదట్లో ఆమె చుట్టినవి ముడతలు పడేవి. మేస్త్రి లాగానే నేనూ బ్లేడుతో కోసి "మళ్ల చుట్టు" అనేదాన్ని. ఆయన కోసినప్పుడు ఆయనకు బాధ ఉండేదని, నేను కోసినప్పుడు నాకు హాయిగా ఉందని ఎవరూ చెప్పకుండానే నాకు తెలుసు. ఆ హాయి ఎక్కువ రోజులు ఉండలేదు. నాకు ఏడాది పట్టిన పని ఆమెకు మూడు నెలల్లో వచ్చింది.

అప్పటి నుంచి ఆమె ఏం చేసినా నా కళ్లు అక్కడే ఉండేవి. ఆమె డబ్బాలో వెదురు కొమ్ముల కూర తెస్తే షెడ్డులో అందరూ తలా కొంచెం అడిగి తినేవాళ్లు. నేను కడుపు నొప్పని చెప్పి తినేదాన్ని కాదు. ఆమె నోటుబుక్కులో అక్షరాలు ఒక్క వరుసలో ఉండేవి. మేస్త్రి ఆ పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసినప్పుడల్లా నాకు కడుపులో మండేది. ఒకసారి ఆమె బ్లేడు తీసి నా పెట్టె కింద పెట్టాను. "నా బ్లేడు చూసినవా అక్కా?" అని అడిగితే "చూళ్లే" అన్నాను. ఆమె వెతికి వెతికి కొత్తది తెచ్చుకుంది. నలభై ఎనిమిదేళ్ల దాన్ని, నేను చేసే పనేనా ఇది అని ఇంటికి పోయాక సిగ్గేసింది. మర్నాడు బ్లేడు తీసి ఆమె బల్ల మీద పెడదామనుకున్నాను. పెట్టలేదు.

ఆ ఎండాకాలం చివర్లో ఆరు ట్రాక్షన్ మోటార్లు ఒకేసారి వచ్చాయి. ఈ లైన్లలో పాసింజర్లను లాగిన తొలితరం డీజిల్ ఇంజన్లలో ఒకటి రిటైరైతే, బొగ్గు వ్యాగన్లను తమ సైడింగులో, అంటే సొంతానికి వేసుకున్న పట్టాల మీద, జరుపుకోవడానికి ఒక కంపెనీ వాళ్లు కొన్నారు. ఇంజన్ బాగానే ఉంది, మోటార్ల వైండింగులే ముసలివైపోయాయి. మూడు నెలల్లో ఆరింటినీ కొత్తగా చుట్టి ఇవ్వాలి. అన్నీ ఒకేసారి విప్పడానికి షెడ్డులో చోటు లేదు కాబట్టి ఒకటి అయ్యాక ఒకటి.

మోటారు లోపల తిరిగే భాగాన్ని ఆర్మేచర్ అంటాం. దాని ఒంటి నిండా పొడుగునా గాడులు ఉంటాయి. ఆ గాడుల్లో కాయిల్స్ కూర్చుంటాయి. ఒక చివర కమ్యుటేటర్ ఉంటుంది, పక్కపక్కన పేర్చిన రాగి బద్దల చక్రం. ఏ కాయిల్ కొస ఏ బద్దకు కలవాలో దానికే కలవాలి. ఒక్క బద్ద అటూ ఇటూ అయితే మొత్తం పని పోతుంది. ఇన్నేళ్లూ ఆ కలిపే పని మేస్త్రి ఒక్కడే చేశాడు. ఇప్పుడు ఆయన కళ్లకు పొర వచ్చింది. ఈసారి ఇంకొకరు చేయాలని అందరికీ తెలుసు. అది నేనేనని నేను ఎవరినీ అడగకుండానే అనుకున్నాను.

మొదటి మోటారు విప్పేటప్పుడు ఆ పిల్ల ఒక్కో కొసకూ సుద్దతో గుర్తు పెట్టింది. ఫోన్లో ఫొటోలు తీసింది. రెండు రోజులు కూర్చుని పెద్ద చార్టు కాగితం మీద మొత్తం బొమ్మ గీసి గోడకు అంటించింది. మేస్త్రి ముక్కు ఆ కాగితానికి ఆనేంత దగ్గరగా నిలబడి, వేలితో ఒక్కో గీత వెంట పోయాడు. చాలాసేపు పోయాడు. నేను చేతిలో టేపు చుట్ట పట్టుకుని వెనక నిలబడ్డాను.

"ఒక్కటి గూడ తప్పు లేదు" అన్నాడు. "కలుపుడు పని నువ్వు చెయ్యి బిడ్డా. ఆమె నీకు అటు దిక్కు పట్టుకుంటది."

ఆమె అంటే నేను.

ఇంటికి పోయి మా ఆయనతో చెప్పాను. "పదిహేనేండ్ల సంది చేస్తున్న. నిన్న గాక మొన్నొచ్చిన పిల్లకిచ్చిండు."

"చదువుకున్న పిల్ల గదా, ఇయ్యడా మరి" అన్నాడు ఆయన అన్నం కలుపుకుంటూ. రెండోసారి కూర అడిగితే అయిపోయిందన్నాను. గిన్నెలో ఉంది.

మూడో మోటారు నడుస్తుండగా ఆమె విత్తనాల ముందు చేసే భూమి పండుగకు వాళ్ల గూడెం పోయింది. పోయిన రాత్రే వానలు మొదలై వాగులు పొంగాయి. చర్ల అవతల రోడ్డు తెగిందని ఫోన్ చేసింది. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ షెడ్డు మళ్లీ నాదైంది. మేస్త్రి పక్కన కూర్చుని టీ తాగాను, పాత రోజుల్లో లాగా ఆయన ఏవో ఇంజన్ షెడ్డుల ముచ్చట్లు చెప్పాడు. కానీ మధ్య మధ్య గేటు వైపు చూసి "చర్ల పిల్ల ఫోనేమన్న చేసిందా?" అని అడిగేవాడు. రోజుకు రెండుసార్లు అడిగాడు. వాగు ఇంకో వారం పొంగితే బాగుండునని మనసులో అనుకున్నాను. అవతల ఎన్ని గూడేలు ఉన్నాయో, ఎవరి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో నాకు పట్టలేదు. నాలుగో రోజు పొద్దున ఎవరిదో ట్రాక్టర్ మీద వాగు దాటి, నడుం దాకా తడిసిన బట్టలతో పనికి వచ్చింది. "వచ్చినవా బిడ్డా" అని మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆయన నా కోసం ఎప్పుడన్నా లేచాడా అని గుర్తు చేసుకున్నాను.

నాలుగో మోటారుకు కాయిల్స్ ఎక్కించే రోజు కూడా వాన పడుతోంది. రేకుల మీద చప్పుడుకు, గట్టిగా అరిస్తే తప్ప ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఆర్మేచర్‌ను స్టాండు మీద పడుకోబెట్టాం. కమ్యుటేటర్ వైపు ఆమె, అటు చివర నేను. ముందు గాడిలో ఇన్సులేషన్ కాగితం పరిచి, దాని మీద కాయిల్ పెట్టి, రెండు చివరల నుంచి ఫైబర్ చెక్క ఆనించి మెల్లగా సుత్తితో కొడుతూ దించాలి. గాడి అంచు ఇనుము, కత్తిలా ఉంటుంది. కాయిల్ ఇనుముకు తగలకుండా కాపాడేది ఆ కాగితమే.

సగం దాకా వచ్చాక ఒక కాయిల్ దిగుతుంటే, నా వైపు గాడి మొదట్లో కాగితం అంచు లోపలికి ముడుచుకుంది. గోరంత మేర ఇనుము బయటపడింది. కాయిల్ దాని మీదకే దిగుతోంది. నేను చూశాను. ఆమె ఉన్న చోటు నుంచి అది కనపడదు.

ఆమె కొట్టడం ఆపి తల పైకెత్తింది. "అటు దిక్కు మంచిగుందా అక్కా?"

"మంచిగుంది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ముందే అనుకుని అన్నది కాదు. ఆమె మళ్లీ కొట్టింది, కాయిల్ అడుక్కు దిగింది. దాని పైన రెండో కాయిల్ వచ్చింది, ఆ పైన ఫైబర్ చీల బిగించి గాడి మూసేశాం. తర్వాత గాడికి పోయాం.

చెప్పడానికి నాకు బోలెడంత సమయం ఉండింది. ఆ సాయంత్రం చెప్పి ఉంటే రెండు కాయిల్స్ ఎత్తి సరిచేస్తే పోయేది. మర్నాడు చెప్పినా ఒక పూట పని. ఆమె కొసలన్నీ కమ్యుటేటర్‌కు కలిపింది, నేను పక్కనుండి అందించాను. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే ముల్లు మంచి రీడింగే చూపించింది. చూశావా, ఏం కాలేదు, ఆ ముడత ఏమీ చేయదు అని నాకు నేను చెప్పుకున్నాను. చుట్టూ గ్లాస్ టేపుతో కట్లు కట్టాం. వార్నిష్‌లో ముంచాం. ఓవెన్లో పెట్టాం. వార్నిష్ గట్టిపడితే ఇక విప్పడం అంటే పగలగొట్టడమే. ఓవెన్ తలుపు మూసేదాకా చెప్పే వీలుంది. అయినా నోరు తెరవలేదు.

ఆఖరి పరీక్ష హైవోల్టేజి. మోటారు మామూలుగా మోసే దానికంటే ఎక్కువ వోల్టేజి పెట్టి ఒక నిమిషం నిలబెడతారు. జాలీ కంచె వెనక నిలబడి చూస్తాం. ఆ రోజు ఓనరు కూడా వచ్చాడు. మొదటి మూడు మోటార్లు నిలబడ్డాయి కదా, నాలుగోదీ నిలబడుతుందని అందరూ మాట్లాడుకుంటున్నారు. సగం నిమిషం గడవకముందే టప్‌మని శబ్దం వచ్చి మిషన్ ట్రిప్ అయ్యింది. నేను నిలబడి పనిచేసిన చివర నుంచి సన్నగా పొగ లేచింది.

"దీని కాయిల్స్ ఎక్కించింది ఎవరమ్మా?" అని ఓనరు అడిగాడు.

"నేనే సార్" అంది ఆమె.

"చూసుకోవాలి కదమ్మా. గడువు దగ్గర పడుతోంది. ఇదే ఇంజన్‌కు బిగించాక జరిగితే మన పరువేం కావాలి?" గట్టిగా అరిచే మనిషి కాదు. నా వైపు చూసి, ఆమెకే చెప్పాడు. "మిగతా రెండిటికీ కలిపే పని పెద్దావిడ చేస్తుంది. నువ్వు టేపు బల్ల దగ్గర కూర్చో."

నేను కోరుకున్నది నా చేతికి వచ్చింది. ఆ నిమిషాన సంతోషం వేయలేదని చెప్తే అబద్ధం. వేసింది.

నాలుగో మోటారును విప్పే పని మా ఇద్దరికే పడింది. గట్టిపడ్డ వార్నిష్‌ను వేడి చేసి, ఉలితో తవ్వి, కాయిల్స్ ఒక్కొక్కటే పీకాం. ఆ గాడి దగ్గరికి వచ్చేసరికి నేను నీళ్లు తాగడానికని లేచాను. తిరిగి వచ్చేటప్పటికి ఆమె కాయిల్ ఎత్తి, నల్లగా కాలి ముడుచుకుపోయిన కాగితాన్ని చేతిలో పట్టుకుని చూస్తోంది.

"ఈ కొస నీ దిక్కుండె అక్కా" అంది.

నేను నా ఉలి వెతుక్కున్నాను.

"మంచిగుందా అని నేనడిగిన. మంచిగుందన్నవ్."

"సూడలే" అన్నాను.

"చూసినవ్. నువ్వు కాగితం చూడకుండ కాయిల్ దింపనియ్యవు. నాకు నేర్పిందే నువ్వు."

ఇక కాదనకుండా అడిగాను. "మరి సారుకు చెప్పకపోతివి?"

"చెప్తే నమ్ముతడా? పదిహేనేండ్ల సంది ఉన్న మనిషివి నువ్వు. నేను చర్ల దిక్కు నుంచి మొన్నొచ్చినదాన్ని. తప్పు చేసి అక్క మీద పెడుతున్నదంటరు." ఉలి తీసుకుని మళ్లీ పని మొదలుపెట్టింది. "నాకు ఈ పని కావాలె. నా సర్టిఫికెట్ కోసం మా అమ్మ ఎన్ని ఎండల్ల తునికాకు ఏరిందో నాకెరుక. గిట్ల పోగొట్టుకోలేను."

మళ్లీ ఎప్పుడూ ఆమె ఆ మాట ఎత్తలేదు. అక్కా అని పిలవడం మానలేదు. కానీ ఆ రోజు నుంచి, నేను నిలబడ్డ చివరకు కూడా తనే వచ్చి వంగి చూసి పోయేది. నన్ను అడిగేది కాదు.

అయిదో మోటారు నా ముందుకు వచ్చింది. గోడ మీద బొమ్మ ముందు నిలబడితే నాకు గీతలు తప్ప ఏమీ కనపడలేదు. చిన్న పంపు మోటార్ల కనెక్షన్లు నాకు చేతి లెక్కలో వస్తాయి. ఇది ఆ లెక్కకు లొంగేది కాదు. ఒక పూటంతా కొసలు పట్టుకుని కూర్చున్నాను. మేస్త్రిని అడుగుదామంటే ఆయనకు కళ్లు కనపడవు, పైగా రాదని ఒప్పుకోవాలి. మధ్యాహ్నం ఆమె తన అన్నం డబ్బా మూసి, వచ్చి నా పక్కన స్టూలు వేసుకుంది.

"బద్దల మీద సుద్దతోని నంబర్లేద్దాం అక్కా. ఒకటో గాడి కొస ఎక్కడికి పోతదో ఒక్కటి తెలిస్తే, తర్వాతియి అన్నీ దాని ఎనకనే నడుస్తయి."

నాలుగు రోజులు నా పక్కన కూర్చుంది. తప్పు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేది, మాట అనేది కాదు. నేను ఆమెకు నేర్పిన పద్ధతి గుర్తొచ్చింది, ఆ బ్లేడు, ఆ కోతలు. ఆమె పని మీద అసూయ పడ్డాను, చదువు మీద పడ్డాను, మేస్త్రి పిలుపు మీద పడ్డాను. ఇప్పుడు ఆమె ఓర్పు మీద కూడా పడాల్సి వచ్చింది. అది అన్నిటికంటే కష్టంగా ఉంది.

అయిదో మోటారు పరీక్షలో నిలబడింది. ఓనరు తెలిసిన వాళ్లెవరినో వెంటబెట్టుకుని వచ్చినప్పుడు మేస్త్రి నన్ను చూపించాడు. "నా చేతి పని ఈ బిడ్డకే వచ్చింది సార్" అన్నాడు. ఎన్నేళ్లుగానో ఆ మాట కోసం ఎదురుచూశాను. వాళ్లు వెళ్లిపోయారు. టేపు బల్ల దగ్గర ఆమె తలెత్తకుండా చుడుతోంది. మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"అయిదోది నేనొక్కదాన్నే చెయ్యలే. ఆమె పక్కన కూసుని చెప్పింది" అన్నాను. "నాలుగోది ఆమె తప్పు గాదు. కాగితం ముడుసుకునుడు నేను చూసిన. అడిగితే మంచిగుందని చెప్పిన."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నా ముఖం ఆయనకు సరిగా కనపడదని తెలుసు, అయినా నేను తల దించుకున్నాను. అప్పుడు అడిగాడు.

"ఆ పిల్ల మీద కోపముంటే పిల్లనే అనకపోతివి. మోటారు నీకేం చేసింది?"

ఆయన అలా అంటాడని అనుకోలేదు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

"సారుకు నువ్వే చెప్పు. నేను చెప్ప" అని లేచి వెళ్లిపోయాడు.

చెప్పాను. ఓనరు కుర్చీలోంచి లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. "పరీక్షలో పోయింది కాబట్టి సరిపోయింది. సైడింగులో వ్యాగన్లు లాగుతుండగా కాలితే, పక్కన మనుషులుంటే? ఎంతమంది మీదకు వచ్చేదో ఆలోచించావా అమ్మా?" అన్నాడు. నేను ఆలోచించలేదు. ఆమె ముఖం ఎలా మాడుతుందో చూడాలనే తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. టేపు చుట్టేవాళ్లు దొరకరని కాబోలు, తీయలేదు. ఆరో మోటారూ, మళ్లీ చుట్టాల్సిన నాలుగోదీ ఆమెకు అప్పజెప్పాడు. నన్ను మళ్లీ టేపు బల్లకు పంపాడు. మేస్త్రి రెండు వారాలు నాతో పని మాట తప్ప మాట్లాడలేదు.

అంతా చెప్పేశాక ఆమె నా దగ్గరికి వచ్చి ఏదో అంటుందని ఎదురుచూశాను. అదీ నా అత్యాశే. మర్నాడు పొద్దున బల్ల దగ్గరకు వచ్చి, "ఆరోదానికి టేపు ఇంకొంచెం బిగువు కావాలక్కా, వంపుల కాడ" అంది. అంతే.

బిగువుగా చుట్టాను. ఆ రెండు మోటార్లకూ నేను చుట్టిన కాయిల్స్‌లో మేస్త్రి వేలికి ఒక్క ముడతా తగల్లేదు. ఆయన వాటిని వరుసలో పెట్టాడు గానీ ఏమీ అనలేదు. నేనూ ఎదురుచూడలేదు.

వానాకాలం వెళ్లాక ఆ ఇంజన్ సైడింగులో నడిచింది. మమ్మల్నందరినీ ఓనరు తన బండిలో తీసుకుపోయాడు. ఎర్రరంగు కొత్తగా వేశారు. పది ఖాళీ వ్యాగన్లు తగిలించి మెల్లగా అటు చివర దాకా, ఇటు చివర దాకా తిప్పారు. ఇంజన్ ఆగాక ఆమె పట్టాల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చక్రాల మధ్య చెయ్యి పెట్టి, ఒక్కో మోటారు ఒంటిని తాకి వేడి చూసింది. మేస్త్రికి కనపడదు కాబట్టి గట్టిగా చెప్పింది. "అన్ని ఒక్క తీరుగనే ఉన్నయ్ మేస్త్రీ." ఆయన తలాడించాడు. కంపెనీ వాళ్లు ఆమెతో ఫొటో దిగారు. నేను వేపచెట్టు నీడన నిలబడ్డాను. రా అక్కా అని ఆమె ఒకసారి పిలిచింది. ఎండగా ఉందని చెప్పి పోలేదు. పోవాల్సింది.

తర్వాతి ఏడాది ఆమెకు హైదరాబాదులో పెద్ద వర్క్‌షాపులో పని దొరికింది. కొత్త ఇంజన్ల మోటార్లకు కమ్యుటేటర్ ఉండదట, దాని మీద ఒరుసుకుంటూ కరెంటు అందించే బ్రష్షులూ ఉండవట. మేస్త్రికి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు వారానికి రెండు రోజులు వచ్చి కూర్చుంటాడు. కలిపే పని నేనే చేస్తున్నాను. ఆమె వాట్సాప్ స్టేటస్‌లో నీలం రంగు కోటు, తలకు హెల్మెట్, వెనక వరుసగా మెరిసే మోటార్లు. రోజూ చూస్తాను. చూసిన ప్రతిసారీ లోపల చిన్నగా మండుతుంది. చూడకుండా ఉండలేను.

పోయిన నెల ఆమె ఫోన్ చేసింది. వాళ్లమ్మకు జ్వరం ఎక్కువై భద్రాచలం దవాఖానాలో చేర్పించారట. తాను బయలుదేరింది గానీ చేరేసరికి సాయంత్రమవుతుంది. "అందాక జెర పోయి కూసుంటవా అక్కా? మా అమ్మకు తెలుగు అంతగ రాదు. ఒక్కతే ఉన్నది."

ఇంతమంది ఉండగా నాకే ఎందుకు చేసిందో అడగలేదు. బస్సెక్కి పోయాను. ముసలామె మంచం మీద ముడుచుకుని ఉంది. నాకు కోయభాష రాదు. ఆమెకు గంజి తాగించాను, మందుల చీటీ పట్టుకుని కిందికీ పైకీ తిరిగాను, జడ విప్పి దువ్వాను. జ్వరం కొంచెం దిగాక నా చెయ్యి తీసుకుని వేళ్లు చూసింది. టేపు ఒరుసుకుని కాయలు కాసిన చోట బొటనవేలితో రుద్ది ఏదో అంది. తునికాకు కట్టలు కట్టీ కట్టీ ఆమె వేళ్లూ అలాగే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా ఆ పిల్ల వచ్చింది. పని నుంచి నేరుగా బయలుదేరిందేమో, మెడలో కంపెనీ ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. ఆమె వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తుతుంటే నేను ముందుగా చూసింది ఆ కార్డునే. దాని మీద పేరు కింద ఏం రాసి ఉందో చదవాలని ప్రయత్నించాను. ఇంగ్లీషులో ఉంది. పాత మంట మళ్లీ రేగింది, అక్కడే, ఆ దవాఖానాలోనే. దాన్ని అణచడానికి నేనేమీ చేయలేదు. ఉంటే ఉండనీ అనుకున్నాను. ఏ పూట ఏ మందు వేశానో, డాక్టరు మళ్లీ ఎప్పుడొస్తాడో, గంజి ఎంత తాగిందో ఒక్కటీ విడవకుండా ఆమెకు చెప్పాను.

ఆమె అన్నీ విని, చీటీ తీసుకుని మడిచి కార్డు వెనక పెట్టుకుంది. "మణుగూరు బస్సు ఉంటదక్కా ఇప్పుడు. జల్దీ పో, మళ్ల సీటు దొరకదు" అంది. గేటు దాకా నాతో వచ్చి, బస్సు ఏ వైపు ఆగుతుందో చూపించి, వాళ్లమ్మ దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది.